హోసూరు సముద్రానికి పాపన్న వేసిన లైటు

అత్తిముగం పాపన్నను గురించి చెప్పాలంటే మొదట ఆయన వెలిగించినవి చెప్పాలి. పుట్టుక, చదువు, పెళ్లి ఆ తరువాత. ఈ వరుస ఆయనే పెట్టినది, ఎవరూ మార్చడానికి లేదు.

ఊళ్లోకి కరెంటు వచ్చిన ఏడాది, స్తంభాలు పాతే ముఠా వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. అత్తిముగం పిండి మిల్లులో మొదటి బల్బు ఆయన చేతి చలవే. కావేరిపట్టణంలో ఒక పెద్దింటి పెళ్లికి ఫోకస్ లైట్లు వేస్తే, పెళ్లికొడుకు నెత్తిమీది జుట్టు సొంతం కాదన్న సంగతి పందిరి బయట చెప్పులు కాసే మనిషికి కూడా తెలిసిపోయింది. అయినా పెళ్లి ఆగలేదు, అదీ ఆయన ఘనతే. చిరుత భయంతో ఒక గొల్లాయన గొర్రెల దొడ్డికి వీధిలైటు కట్టించుకున్నాడు. చిరుత మళ్లీ రాలేదు. గొర్రెలు కూడా మళ్లీ నిద్రపోలేదు. ఇక చదువంటారా, ఊరిబడిలో ఐదో తరగతి. ఆ బడి కప్పు కూలిపోయి, దాన్ని తిరిగి వేసే లోపల ఆయన చదువు పూర్తయిపోయింది. కృష్ణగిరిలో బస్సెక్కితే శూలగిరి వచ్చేలోగా పక్క సీటువాడికి ఇదంతా చెప్పేవాడు. వినేవాడు మధ్యలో దిగిపోతే, ఆ సీట్లోకి వచ్చినవాడికి మొదటినుంచి మొదలుపెట్టేవాడు.

వీటన్నిటికీ తలకాయ లాంటిది హోసూరు తేరు ఉత్సవం. తేరు తిరిగే వీధుల్లో లైట్లు వేయడం ఎన్నో ఏళ్లుగా పాపన్న పని. ఆ పని లేకపోతే మిగతావన్నీ ఆయన చెప్పుకునే మాటలే, ఆ పని ఉండబట్టి అవి చరిత్ర. అలాంటిది పందొమ్మిది వందల ఎనభై మూడులో బెంగుళూరునుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి, తేరు కమిటీ పెద్ద రామకృష్ణప్పను కలిసి పోయాడు. అతనికి జనరేటరు బండి ఉంది. బల్బులతోనే నెమలిని చేసి, అది పురి విప్పినట్టు చూపిస్తాడట. రామకృష్ణప్ప టమేటా మండీ ఆసామి, సరుకు చూడకుండా మాట ఇచ్చేవాడు కాదు. "చూస్తాములే" అన్నాడట. ఆ "చూస్తాములే" పాపన్న గుండెలో ముల్లులా దిగింది.

సరిగ్గా అదే ఏడు హోసూరుకు సముద్రం వచ్చింది.

రామకృష్ణప్ప ఇంటి పక్క భాగంలో ప్రసాదు, గౌరి అని కాకినాడవైపునుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు అద్దెకు ఉండేవాళ్లు. ప్రసాదుకు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. గౌరి జంతుశాస్త్రం చదువుకున్న పిల్ల. ఇంటి ముందుగదిలో ఆమె ఒక పెద్ద అద్దాల తొట్టి పెట్టించి, దానిలో సముద్రపు నీళ్లు నింపింది. రామకృష్ణప్ప టమేటా లారీలు మద్రాసుకు పోయి ఖాళీగా తిరిగొచ్చేవి కదా, ఆ లారీల్లోనే డబ్బాలకొద్దీ నీళ్లు తెప్పించింది. చెక్‌పోస్టులో డబ్బాల్లో ఏముందని అడిగితే డ్రైవరు "సముద్రం" అన్నాడు. వాళ్లు నాలుక్కి రాసుకుని చూసి, ఉమ్మేసి, పొమ్మన్నారు.

గౌరి తమ్ముడు సముద్రపొడ్డున మండపం అనే ఊళ్లో చేపల పరిశోధన చేసేవాళ్ల దగ్గర పనిచేసేవాడు. అతను రైల్లో సామల్పట్టి దాకా వచ్చి, అక్కడినుంచి బస్సుల్లో ఒక క్యాను ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. దాంట్లో ఉన్నది పిడికెడంత గోధుమరంగు రాయి. రాయి అని అందరూ అన్నారు గానీ అది ప్రాణమున్న పగడమట. దాని ఒంటినిండా మిరపగింజలంత నోళ్లు. తీరిగ్గా ఉన్నప్పుడు ఒక్కో నోటి చుట్టూ చిన్న చిన్న వేళ్లు చాపి, పూలు పూసినట్టు కనిపించేది.

రామకృష్ణప్ప వంగి చూసి, "పగడమంటే ఎర్రగా ఉంగరంలో ఉంటాది కదమ్మా. ఇదేమి, ఉడకబెట్టిన కందగడ్డ మాదిరి ఉండాది?" అన్నాడు.

"వెలుతురు చాలక అలా నల్లబడుతోందండీ," అంది గౌరి. "ఈ ట్యూబులైటు దానికి సరిపోదు. సముద్రంలో ఎండలో బతికింది కదా. ఇంకా పెద్ద లైటు వేయించాలి. ఇక్కడ మంచి ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉన్నారా?"

"ఉండేదేమి తల్లీ, పాపన్న ఉండాడు," అన్నాడు రామకృష్ణప్ప. పాపన్న సరుకు ఏమిటో చూడటానికి ఆయనకూ ఇదొక అదను.

పాపన్న వచ్చాడు, తొట్టి చూశాడు, తన ఘనతలు చెప్పాడు. గౌరి ఓపికగా విని, తనకు కావలసింది చెప్పింది. "పెద్ద లైటే కావాలండీ పాపన్న గారూ, కానీ ఒక్కసారిగా వద్దు. బాగా పైన కట్టండి. రోజూ కాసేపే వెలిగించి, వారం వారం కొంచెం కొంచెం కిందికి దించుదాం. లైటుకీ నీటికీ మధ్య అద్దం ఉండాలి. ఎర్తు తప్పకుండా ఉండాలి. ఉప్పునీళ్లు కదా, తుంపర పడుతుంది."

పాపన్నకు నవ్వొచ్చింది. "అమ్మణ్ణీ, కొంచెం కొంచెంగా రాజుకునేదానికి ఇదేమన్నా కట్టెలపొయ్యా? నా లైటు ఏస్తే ఒకటే ఏయడం. అద్దం అడ్డం పెడితే వెలుగు ఇరిగిపోతాది. ఎర్తంటావా, నా చేతిమింద ఇంతవరకూ ఎవురికీ షాకు కొట్టింది లేదు. అడుగు, అప్పనే అడుగు."

"అది నిజమేనమ్మా," అన్నాడు రామకృష్ణప్ప.

గౌరి ఇంకా ఏదో చెప్పబోయింది. అయితే ఆ మధ్యాహ్నమే ఆమె పిన్నికూతురి పెళ్లికి కాకినాడ ప్రయాణం. వెళ్లేటప్పుడు మొగుడికి అంతా అప్పజెప్పి పోయింది. ప్రసాదుది రాత్రి షిఫ్టు. ఇంటాసామి మాటకు అడ్డు చెప్పే ధైర్యం అతనికి నిలువుగా కొలిచినా అడ్డంగా కొలిచినా లేదు.

వీధిస్తంభానికి కట్టే నాలుగు వందల వాట్ల మెర్క్యురీ లైటును పాపన్న నీటికి జానెడు ఎత్తులో వేలాడగట్టాడు. ప్లగ్గుకు మూడు కాళ్లు ఉన్నాయి గానీ, మూడోకాలు అందానికి అనుకునే రోజులవి. దానికి తీగ తగిలించలేదు. స్విచ్చి వేశాడు. లైటు మొదట మిణుకుమని, మెల్లగా ఎక్కి, భగ్గున మండింది. తొట్టిలో ఉన్న రెండు చిన్న చేపలు రాళ్ల సందుల్లోకి దూరాయి, మళ్లీ బయటికి రాలేదు. పక్కగదిలో పడుకున్న ప్రసాదు మొహంమీద తువ్వాలు కప్పుకున్నాడు. కిటికీలోంచి వీధిమీద పడిన వెలుగులో పిల్లికి కూడా నీడ పడింది.

రోజులు గడిచేకొద్దీ పగడం రంగు మారసాగింది. గోధుమరంగు పోయి లేత పసుపు, ఆపైన తెలుపు. వారం తిరిగేసరికి మల్లెమొగ్గంత తెల్లగా నిగనిగలాడింది.

"మురికి వదిలిపోయింది!" అన్నాడు పాపన్న. "ఇన్నాళ్లూ మసి పట్టి ఉండె. నా లైటు కడిగేసింది, చూడండప్పా!"

చూశారు. పక్కవీధి అంగాళమ్మ అందరికంటే ముందు వచ్చి చూసింది. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ, ఎప్పుడూ సముద్రం చూసింది లేదు. "అబ్బ! సోడా ఏసి ఉడకబెట్టినా ఇంత తెలుపు రాదే నాయనా," అని, ఇంట్లోకి వచ్చిన సముద్రాన్ని తాకకుండా పోతే పాపమని నీళ్లలో వేళ్లు ముంచింది. ముంచిందో లేదో చెయ్యి జివ్వుమంది. మోచేయి దాకా ఎక్కింది.

"పలికింది! గంగమ్మ పలికింది!" అని ముసలమ్మ కేకపెట్టింది.

ఆ మరుసటి ఉదయం నుంచి రామకృష్ణప్ప వాకిట్లో వరుస కట్టారు. ఒక్కొక్కరే చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తడికాళ్లతోనే లోపలికి పోయి, పక్కగదిలో నిద్రపోతున్న ప్రసాదును పట్టించుకోకుండా, తొట్టిలో వేళ్లు పెట్టి, "జివ్వు"మనిపించుకుని, నెత్తిన నీళ్లు చల్లుకుని బయటికి వచ్చేవాళ్లు. జివ్వుమననివాళ్లు తమలో ఏ దోషముందోనని దిగులుపడి ఇంకోసారి వరుసలో నిలబడేవాళ్లు. మోకాళ్లు తేలికయ్యాయని అంగాళమ్మ వీధి వీధికీ చెప్పింది. రామకృష్ణప్పకు తన ఇల్లు ఒక క్షేత్రమైపోయినంత సంబరం.

"ఆదివారం సాయంత్రం కమిటీని పిలుస్తా ఉండాను పాపన్నా," అన్నాడు. "నీ తెల్లపువ్వు చూసి, నీళ్లు ముట్టుకునినాక, బెంగుళూరోడి నెమలి ఎవురికి కావాల? తేరు నీదే."

పాపన్న ఆ మాటతో నేలమీద నడవలేదు. బస్సులో చెప్పే వరుసకు కొత్తది ఒకటి చేరింది. "భూమ్మింద లైట్లేసినోళ్లు చానామంది ఉండారప్పా. సముద్రానికి ఏసినోడు ఎవుడన్నా ఉంటే చెప్పు."

అయితే ఒక తమాషా ఉంది. ఊరంతా చెయ్యి పెట్టిన ఆ నీళ్లలో పాపన్న అంతవరకు వేలు పెట్టలేదు. పనిచేసినవాడు, మొక్కేవాళ్ల వరుసలో ఏం నిలబడతాడు? శనివారం పొద్దున వరుస ఇంకా మొదలు కాకముందు, తనూ ఆ జివ్వు చూద్దామని తొట్టి దగ్గరికి వచ్చాడు. స్తంభాల ముఠాలో నేర్చుకున్న అలవాటు ఒకటి ఉంది: ఏ లోహాన్నయినా, ఏ తడినయినా ముందు చేతి వెనకపక్కతోనే తాకాలి. అరచేత్తో తాకితే చెయ్యి బిగుసుకుని పట్టుకుంటుంది, వదలదు. ఆ అలవాటు కొద్దీ చేతివెనక నీటికి ఆనించాడు.

జివ్వుమంది.

తిరునాళ్ల జనంలో సొంత బామ్మర్దిని గుర్తుపట్టినట్టు పాపన్న దాన్ని గుర్తుపట్టాడు. ఈ గంగమ్మ ఆయనకు బాగా తెలుసు. తడి మోటారు షెడ్లలో, ఇనుప స్తంభాల మీద, ఎన్నోసార్లు పలికింది. తల ఎత్తి చూశాడు. గాలిబుడగలు పగిలి ఎగిరిన తుంపర హోల్డరు మీద ఎండి, ఉప్పు తెల్లగా పేరుకుపోయి ఉంది. ఆ ఉప్పు తడిలోంచి కరెంటు కిందికి దిగుతోంది. తడికాళ్లతో వచ్చిన ముసలీ ముతకా అందరూ కళ్లముందు మెదిలారు. వాళ్లను బతికించింది హోసూరు తక్కువ ఓల్టేజి ఒక్కటే. పాపన్న వెంటనే స్విచ్చి కట్టేసి, ఫ్యూజు పీకి అంగీ జేబులో వేసుకున్నాడు.

గదిలో వెలుగు పోయేసరికి వాకిట్లోంచి అంగాళమ్మ, "ఏమప్పా, అమ్మవారికి కరెంటు పోయిందా?" అంది. ఆమె వెనకే రైలు దిగి, చేతిసంచితో గౌరి వచ్చింది. అప్పుడే వరుస కడుతున్న జనాన్ని వింతగా చూస్తూ లోపలికి అడుగుపెట్టి, తొట్టి దగ్గర నిలబడిపోయింది.

"అయ్యో, ఇదేంటండీ?"

"మురికి వదిలిపోయిందమ్మణ్ణీ," అన్నాడు పాపన్న. గొంతులో మునుపటి బిగువు లేదు.

"అది మురికి కాదండీ, దాని అన్నం," అంది గౌరి. ఆమెకు ఏడుపు వస్తోంది. "కంటికి కనబడని నాచు దాని ఒంట్లోనే ఉంటుంది. వెలుతురు తీసుకుని అదే దీనికి వండిపెడుతుంది. ఆ గోధుమరంగు దానిదే. వెలుగు దెబ్బ తట్టుకోలేక పగడం ఆ నాచును బయటికి కక్కేసింది. ఇప్పుడు మీకు కనిపిస్తున్న తెలుపు లోపలి ఎముక."

పాపన్న వంగి చూశాడు. మిరపగింజలంత నోళ్లు అన్నీ బిగుసుకుని ఉన్నాయి.

"చచ్చిపోయిందా?"

"ఇంకా లేదు. వెలుగు బాగా తగ్గించి, నేను నోటికి అందిస్తే బతకొచ్చు. ఇలాగే ఉంచితే బతకదు."

ఇంతలో రామకృష్ణప్ప వచ్చాడు. పాపన్న నోట కరెంటు సంగతి, గౌరి నోట పగడం సంగతి విని, గొంతు తగ్గించి, "పాపన్నా, నీ కాలికి మొక్కుతాను, ఆ కరెంటు సంగతి బాగు చేసుకో, కానీ వెలుగు మాత్రం రేపు సాయంత్రం దాకా అట్లనే ఉండనీ. సోమవారం నీ ఇష్టం. తేరు సంగతి మర్చిపోవద్దు," అన్నాడు.

పాపన్న గౌరివైపు చూశాడు. "రేపు ఒక్క పూట ఎలిగించి తీసేస్తే ఏమవుతాదమ్మణ్ణీ?"

"మీ చెయ్యి ఒక పూట ఆ లైటు కింద పెట్టుకుని చూడండి," అంది గౌరి.

కోపంలో అన్న మాట. కానీ పాపన్నతో అలా అనకూడదు. నీళ్లమీద చెక్కపలక పరిచి, హోల్డరును పొడిగుడ్డతో తుడిచి, ఫ్యూజు పెట్టి లైటు వేసి, చొక్కా చెయ్యి మడిచి, లైటు కింద అరచెయ్యి వెల్లకిలా పెట్టి నిలబడ్డాడు. రామకృష్ణప్ప కాఫీ తెప్పించాడు. పాపన్న ఎడమచేత్తో కాఫీ తాగాడు. నుదుటిన చెమట పట్టింది. అంగాళమ్మ విసనకర్ర తెచ్చి విసిరింది. కాఫీ అయిపోయేసరికి అరచెయ్యి మిరపపండయింది. అప్పుడు మెల్లగా చెయ్యి తీసి, ఊదుకుని, "మూసేస్తానప్పా," అన్నాడు రామకృష్ణప్పతో.

ఆ రోజు పాపన్న చేసిన పని చూడాలి. పెరట్లో గుంత తవ్వి, పైపు పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ కూరి, నీళ్లు పోసి ఎర్తు తీశాడు. "సముద్రాన్నే ఇంట్లో పెట్టుకోని మళ్లా గుంతలో ఉప్పేంటికప్పా?" అని అంగాళమ్మ అడిగితే ఇంకో దోసెడు ఉప్పు కూరాడు. ప్లగ్గు మూడోకాలికి తీగ తగిలించాడు. ఉప్పు పట్టిన హోల్డరును పారేసి కొత్తది వేసి, చోకు పెట్టెను తొట్టికి దూరంగా గోడమీద చెక్కకు బిగించాడు. లైటును గొలుసుతో దూలం దగ్గరికి ఎత్తేశాడు. తీగను ప్లగ్గుకు నేరుగా పోనీయకుండా మధ్యలో ఉయ్యాలలా కిందికి వంచి విడిచాడు. తీగ వెంట జారిన బొట్టు ఆ వంపు దగ్గరే నేలకు కారిపోతుంది, ప్లగ్గు దాకా ఎక్కదు. తొట్టిమీద అద్దం పలక పరిచాడు. ఆ అద్దంమీద వేయడానికి తెల్లపంచెల కోసం ఇంటికి పోయాడు.

ఆయన భార్య మునివెంకటమ్మ పెట్టె తీసి, "తేరు దినం కట్టుకునే జరీపంచె కూడానా?" అంది.

"అది పలచగా ఉండాది. కడాకు అదే మిగలాల."

"ఏమప్పా, నువ్వు లైటు తగ్గించేదా? పెండ్లయినప్పటినుంచీ నిద్రపోయేటప్పుడు కూడా ఆర్పనీలేదే! నాకు కండ్లు మూసినా తెల్లారినట్లే ఉంటాది."

"ఆ రాయి చెప్పలేదు గానీ, నువ్వు చెప్పచ్చు కదా."

"చెప్తే ఇన్యావా? ఆ రాయి తెల్లబడి చెప్పింది. నాకూ జుట్టు తెల్లబడింది, చూస్తివా?" అంటూ మునివెంకటమ్మ పంచెలు మొహాన కొట్టింది.

ఆదివారం సాయంత్రం కమిటీవాళ్లు ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చారు. గదిలో మబ్బుపట్టిన సాయంత్రం లాంటి వెలుతురు. పంచెలు కప్పిన తొట్టి, తడిబట్ట వేసిన మజ్జిగ కుండలా ఉంది. అద్దం ఒక మూల కాస్త జరిపితే, ఒక్కొక్కరే నీళ్లలో వేళ్లు పెట్టారు. ఏమీ కాలేదు. మళ్లీ పెట్టారు. చల్లగా ఉంది, అంతే.

"పలకదు," అంది వాకిట్లోంచి అంగాళమ్మ. "గుంత తవ్వి అమ్మను పాతేసినాడు."

"పాపన్నా, సముద్రానికి గ్రహణం పట్టిందేమప్పా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. రామకృష్ణప్ప మొహం మాడిపోయింది. "ఆ పంచెలు ఒక నిమిషం తియ్యి. చూసి పోతారు," అన్నాడు.

పాపన్న తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. "తియ్యనప్పా."

"తేరు లైట్లు ఈడ్నే, ఇప్పుడే తేలాల. తీస్తావా, తియ్యవా?"

ఒక పక్క గౌరి, తలుపు దగ్గర ప్రసాదు. పాపన్న కాలిన అరచేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. అన్నేళ్ల తేరు, వీధి మొగలోనుంచి చక్రాలు కదిలే చప్పుడు, తను స్విచ్చి వేయగానే జనం చేసే "ఓ" అనే కేక, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"తేరు నీ ఇష్టం రామకృష్ణప్పా. తేరుకు వెలుగెక్కువైతే ఎవురూ చచ్చిపోరు. దీనికి ఎక్కువైతే చచ్చిపోతాది. తియ్యను."

తేరు బెంగుళూరువాడికి పోయింది.

ఆ తరువాత పాపన్న వారానికొకసారి అత్తిముగంనుంచి బస్సులో వచ్చేవాడు. గౌరి చూసి సరేనంటే ఒక పంచె మడత తీసేవాడు. కాదంటే కాఫీ తాగి పోయేవాడు. గౌరి సన్నగా తరిగిన రొయ్యముక్కలను చుక్కలమందు గొట్టంతో ఒక్కొక్క నోటికి అందించేది. చాలాకాలం ఏ నోరూ తెరుచుకోలేదు. పాపన్న అద్దానికి ముక్కు ఆనించి, "తిను తల్లీ, తిను," అని బతిమాలేవాడు. అన్నం తినని మనవళ్లను కూడా ఆయన ఎప్పుడూ అంతగా బతిమాలలేదని మునివెంకటమ్మ అంటుంది.

తేరునాడు పాపన్న జనంలో నిలబడ్డాడు. జరీపంచె ఇంకా తొట్టిమీదే ఉంది కాబట్టి మామూలు పంచెలో వచ్చాడు. బల్బుల నెమలి పురి విప్పింది, జనం "ఓ" అన్నారు. ఆయన మాత్రం స్తంభం స్తంభానికీ పోయి చేతివెనకతో తాకి చూడసాగాడు. పిచ్చివాడెవడో అనుకుని వాలంటీర్లు తరిమేశారు. తిరిగొచ్చి భార్యతో, "ఎర్తు బాగా తీసినాడు," అన్నాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, "నెమలి తోకలో ఒక బల్బు రాలేదు," అన్నాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఒక నోరు తెరుచుకుంది. మరుసటి వారానికి ఇంకొన్ని తెరుచుకున్నాయి. తెల్లటి రాయి అంచున పలచటి కాఫీరంగు కనిపించి, పైపైకి పాకింది. మామిడికాయలు మండీకి వచ్చే రోజుల్లో గౌరి, "ఇవాళ ఆఖరిది తీసేయొచ్చండీ," అంది.

పాపన్న వీధంతా తిరిగి పిలిచాడు. ఎవరూ రాలేదు. రామకృష్ణప్ప కిటికీలోంచి చూసి, వచ్చేదా మానేదా అని నిలబడిపోయాడు. అంగాళమ్మ ఒక్కతే కుంటుకుంటూ వచ్చింది. పాపన్న రెండు చేతులతో జరీపంచెను మెల్లగా తీశాడు. లైటు నిండుగా పడింది. గోధుమరంగు పగడం ఒళ్లంతా నోళ్లు తెరిచి, ఆ వెలుతురును అన్నంలా తింటోంది. చేపలు రాళ్ల సందుల్లోంచి బయటికి వచ్చి తిరుగుతున్నాయి.

అంగాళమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "ఇదేమప్పా పాపన్నా, మళ్లా మురికి పట్టిపోయిందే! ఎంత తెల్లగా ఉండె!"

"పట్టిందమ్మా," అన్నాడు పాపన్న, పంచె భుజాన వేసుకుని. "మురికి వదిలించేవాళ్లు ఊరికొకరు ఉంటారు. వదిలిన మురికిని ఒక్కొక్క మడతా తీసి మళ్లా పట్టించినోడు, ఈ హోసూరునుంచి బెంగుళూరు దాకా ఎవుడన్నా ఉంటే పిలుచుకురా!"

కిటికీ అవతలినుంచి రామకృష్ణప్ప దగ్గు వినిపించింది. పాపన్న అటు తిరిగి, కొంచెం గట్టిగా మొదలుపెట్టాడు: "అత్తిముగం పిండి మిల్లులో మొదటి బల్బు ఏసింది ఎవురనుకున్నావు..."